విజయనగరంలో మూడు రోజుల బస: కోట, పద్మనాభం, బొబ్బిలి, రామతీర్థం ఏ వరుసలో చూడాలి?

మూసీ ఒడ్డు:

సభ్యులందరికీ నమస్కారం. వచ్చే నెలలో దగ్గరి బంధువుల ఇంట పెళ్లికి విజయనగరం వెళ్తున్నాము. పెళ్లి అయిన తర్వాత మరో మూడు రోజులు అక్కడే ఉండాలని ఆర్టీసీ కాంప్లెక్సుకు దగ్గరలోని ఒక హోటల్లో గదులు తీసుకున్నాము. మా నాన్నగారు ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధించి పదవీ విరమణ చేశారు. అమ్మకు మోకాళ్ల నొప్పి ఉంది కాబట్టి ఎక్కువ మెట్లు ఎక్కలేదు. మా అమ్మాయి వీణ నేర్చుకుంటున్నది. చుట్టుపక్కల ఏమేమి చూడవచ్చునని హోటల్ వారిని ఫోనులో అడిగితే అరకు, బొర్రా గుహలు, సింహాచలం అని చెప్పారు. అవన్నీ మేము విశాఖ వెళ్లినప్పుడు చూసినవే. విజయనగరంలో ఉంటూ విజయనగరాన్నే చూడాలని నాన్నగారి కోరిక. ఊళ్లో ఏవి చూడాలి, ఊరి బయట ఏవి చూడాలి, వాటికి ఏ వరుస బాగుంటుంది అన్నది తెలిసినవారు వివరంగా రాయగలరని ప్రార్థన.

కోటబురుజు:

మీ నాన్నగారి కోరిక చదివి చాలా సంతోషం కలిగింది. మా ఊరికి వచ్చేవారిలో చాలామంది రాత్రి పడుకోవడానికి మాత్రమే ఇక్కడ గది తీసుకుని, తెల్లవారగానే కారెక్కి అరకు వెళ్లిపోతారు.

మీరు మొదటి రోజును ఊరు చూడటానికే కేటాయించండి, కారు కూడా అవసరం లేదు. కోట దగ్గర ఆటో దిగితే ఆ తర్వాతివన్నీ నడకలో లేదా మళ్లీ చిన్న ఆటో ప్రయాణంలో అయిపోతాయి. కోటకు 1713లో శంకుస్థాపన జరిగింది. దీని గురించి ఊళ్లో ప్రతి ఇంటా చెప్పుకునే మాట ఒకటి ఉంది. విజయ నామ సంవత్సరంలో, విజయదశమి నాడు, జయవారమైన మంగళవారం పూట, విజయరామరాజు పేరిట విజయనగరం కోట వెలిసిందని పెద్దలు చెబుతారు. ఇక్కడి రాజవంశమైన పూసపాటివారు అంతకుముందు పొట్నూరు నుంచి పాలించారు. శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్రలో జయస్తంభం నాటించిన పొట్నూరు అదేనని మీ నాన్నగారికి వేరే చెప్పనక్కరలేదు.

కోట చదునైన నేల మీద, చతురస్రాకారంలో, నాలుగు మూలలా బురుజులతో ఉంటుంది. నగర్‌ఖానా అనే ప్రధాన ద్వారం దగ్గర కాసేపు తప్పక ఆగండి. లోపల సింహాసనాలు, ఆయుధాల ప్రదర్శన ఉంటాయని మాత్రం ఆశించకండి. మాన్సాస్ అనే విద్యాసంస్థల ట్రస్టును పి.వి.జి. రాజు గారు 1958లో నెలకొల్పారు. ఆ ట్రస్టు కళాశాలలు కోట లోపల నడుస్తున్నాయి కాబట్టి, రాజులు నడిచిన వాకిళ్లలో ఇప్పుడు పుస్తకాలు పట్టుకున్న ఆడపిల్లలు కనిపిస్తారు. నాకు ఈ దృశ్యమే కోటలో అన్నింటికంటే ఇష్టం. కళాశాల పనివేళల్లో గేటు దగ్గర అనుమతి అడిగి వెళ్లడం మర్యాద.

కోట ఎదుట ఉన్నది బొంకులదిబ్బ. ‘కన్యాశుల్కం’ నాటకంలో మొదటి రంగం ఇక్కడే మొదలవుతుంది. మీ నాన్నగారు అక్కడ నిలబడినప్పుడు ఆ సంగతి మీ అమ్మాయికి తప్పక చెప్పమనండి. అక్కడి నుంచి ఘంటస్తంభం దగ్గరే. 1885లో కట్టిన ఎనిమిది పలకల గడియార స్తంభం అది, చుట్టూ బజారు. ఆపైన మూడు లాంతర్ల కూడలి దగ్గర పైడితల్లి అమ్మవారి గుడి ఉంది. దాని గురించి నాకంటే బాగా రాయగలవారు ఈ వేదికలో ఉన్నారు.

పెదచెరువు గట్టు:

పైడితల్లి అమ్మవారి గురించి నేను రాస్తాను. అయితే ఆ కథ అర్థం కావాలంటే ముందు బొబ్బిలి యుద్ధం తెలియాలి.

1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ సైన్యం బొబ్బిలి కోటను ముట్టడించింది. బొబ్బిలి రాజు రంగారావుతో విజయనగర ప్రభువు పెద విజయరామరాజుకు ఉన్న పగ ఆ ముట్టడికి ఒక ముఖ్య కారణం. కోట నిలవదని తేలిన తర్వాత లోపలివారు శత్రువు చేతికి చిక్కకుండా తమ స్త్రీలను, పిల్లలను తామే చంపుకుని, ఆపైన చివరి మనిషి వరకు పోరాడి మరణించారు. యుద్ధానంతరం బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు విజయనగర శిబిరంలోకి రహస్యంగా ప్రవేశించి, డేరాలో ఉన్న విజయరామరాజును హతమార్చాడు. గెలిచిన రాజు ఆ గెలుపును నాలుగు రోజులు కూడా అనుభవించలేదు.

పైడిమాంబ ఆ విజయరామరాజుకు చెల్లెలు. యుద్ధం వద్దని అన్నగారిని వేడుకున్నదనీ, అన్నగారి మరణవార్త విని ప్రాణం విడిచి పెదచెరువులో వెలిసిందనీ, పతివాడ అప్పలనాయుడికి కలలో కనిపించి తన విగ్రహం ఉన్న చోటు చెప్పిందనీ మా నమ్మకం. రైల్వే స్టేషన్ దగ్గరి వనంగుడి, మూడు లాంతర్ల దగ్గరి చదురుగుడి రెండూ ఆమెవే. గెలిచినవారి ఊరు ఆ యుద్ధాన్ని వద్దన్న ఆడపడుచును ఇలవేల్పుగా కొలుస్తున్నది. ఈ గుడికి ప్రత్యేకత తెచ్చేది శిల్పకళ కాదు, ఈ సంగతే.

విజయదశమి తర్వాత వచ్చే మొదటి మంగళవారం సిరిమానోత్సవం జరుగుతుంది. ముందు రోజు రాత్రి తొలేళ్లు. ఆ రాత్రి పూజారి రైతులకు విత్తనాలు పంచుతారు, వాటిని తమ విత్తనాలలో కలిపి చల్లుకుంటే పంట పండుతుందని రైతుల విశ్వాసం. మరునాడు పొడవైన చింతమానును బండి మీద అమర్చి, దాని చివర కట్టిన పీట మీద పూజారి కూర్చోగా, గుడి నుంచి కోట వరకు మూడుసార్లు తిప్పుతారు. ముందు పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల నడుస్తాయి. పూసపాటి వంశీయులు కోట బురుజు మీద కూర్చుని చూస్తారు. సిరిమాను ఒరిగి ఒరిగి వస్తుంటే జనం అరటిపళ్లు విసురుతారు. ఆ వారంలో ఊళ్లో ఏ హోటల్లోనూ గది దొరకదు కాబట్టి ఎప్పుడైనా ఉత్సవానికి రావాలనుకుంటే చాలా ముందుగా చూసుకోండి.

మూసీ ఒడ్డు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. మీ రాతలు నాన్నగారికి చదివి వినిపించాను. ఆయనకు ఒక సందేహం వచ్చింది. 1757లో మరణించిన విజయరామరాజు, పద్మనాభం యుద్ధంలో మరణించిన విజయరామరాజు వేర్వేరు వ్యక్తులా? పద్మనాభంలో ఇప్పుడు చూడదగినది ఏమైనా ఉందా?

గోస్తనీ తీరం:

వేర్వేరు వ్యక్తులే. 1757లో పోయినవారు పెద విజయరామరాజు. ఆయన తర్వాత కొన్నేళ్లకు దత్తత ద్వారా గద్దెకు వచ్చినవారు చిన విజయరామరాజు, పద్మనాభంలో 1794 జూలై 10న నేలకొరిగినది ఈయన. విజయనగరం వచ్చేవారు బొబ్బిలి యుద్ధం గురించి ఎంతో కొంత తెలుసుకునే వస్తారు. పద్మనాభం పేరు మాత్రం జిల్లా దాటితే వినబడదు. ఇది నాకు చాలాకాలంగా బాధ కలిగిస్తున్న విషయం కాబట్టి కొంచెం విపులంగా రాస్తాను, ఓపికగా చదవండి.

చిన విజయరామరాజు చిన్నవాడుగా ఉన్నంతకాలం అధికారమంతా ఆయన సవతి అన్న సీతారామరాజు చేతిలో ఉండేది. ఉత్తర సర్కారులు ఈస్టిండియా కంపెనీ వశమయ్యాక పేష్కషు పేరుతో ఏటా కట్టవలసిన సొమ్ము పెరుగుతూ పోయింది, బకాయిలు పేరుకున్నాయి. చివరికి కంపెనీ జమీనును స్వాధీనం చేసుకుని, రాజును మచిలీపట్నం వెళ్లి నెలనెలా పింఛను తీసుకుంటూ ఉండమని ఆజ్ఞాపించింది. తాతతండ్రుల నేల విడిచి వెళ్లడానికి ఆయన మనసొప్పలేదు. తన వారితో పద్మనాభం వచ్చి అక్కడే మకాం వేశారు. లెఫ్టినెంట్ కర్నల్ ప్రెండర్‌గాస్ట్ నాయకత్వంలో కంపెనీ పటాలం తెల్లవారుతూనే దాడి చేసింది. గంట గడవక ముందే యుద్ధం ముగిసింది. రాజు శవం చుట్టూ ఆయన బంధువులూ సర్దారులూ పడి ఉన్నారు. పారిపోయే అవకాశం ఉన్నవారు కూడా ఆయనను విడిచి కదలలేదని కంపెనీవారి కథనాలే చెబుతాయి. ఆయన కుమారుడు నారాయణబాబు మన్యంలోని జమీందారుల అండ చేరుకోవడంతో, మొత్తం కొండ ప్రాంతం తిరగబడుతుందన్న భయం పట్టుకున్న కంపెనీ ఆ బాలుడితో రాజీకి వచ్చి, కొంత భాగం తగ్గించి జమీనును తిరిగి ఇచ్చింది. ఆ తర్వాతి తరాలవారి కాలంలోనే ఊళ్లో కళాశాలలూ గడియార స్తంభమూ వెలిశాయి. పద్మనాభంలో ఆ రోజు అంతమంది నిలబడకపోతే ఆ జమీను తిరిగి వచ్చేదా అన్నది మీ నాన్నగారి వంటివారు ఆలోచించవలసిన ప్రశ్న. రాదనే నా అభిప్రాయం.

ఇప్పుడు అక్కడ చూడదగినవి: రాజు స్మారకం, కొండ కింద కుంతీమాధవస్వామి ఆలయం, కొండ మీద అనంతపద్మనాభస్వామి ఆలయం. పైకి వెయ్యికి మించి మెట్లున్నాయి. పై నుంచి చూస్తే గోస్తనీ నది మలుపులు, పొలాలు, కొబ్బరితోటలు కనిపిస్తాయి. కార్తీక అమావాస్య నాడు ఈ మెట్లన్నిటి మీదా దీపాలు వెలిగిస్తారు.

పద్మనాభం చూశాక వెనక్కి రాకుండా అలాగే భీమిలి వెళ్లండి. గోస్తనీ సముద్రంలో కలిసేది అక్కడే. డచ్చివారి సమాధులు, పాత దీపస్తంభం, పావురాలకొండ మీద బౌద్ధ భిక్షువులు నీటి కోసం రాతిలో తొలిచిన తొట్లు చూసి, సాయంత్రం తీరాన కూర్చోవచ్చు. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిన ఊరు అది. భీమిలి గురించి ఇంతకంటే రాస్తే అసలు విషయం పక్కకు పోతుంది.

వీణాతంత్రి:

మీ అమ్మాయి వీణ నేర్చుకుంటున్నదని చదివి ఈ చర్చలో పాల్గొంటున్నాను. ఆ అమ్మాయికి కోట కంటే ముందు సంగీత కళాశాల చూపించండి. విజయరామ గజపతిరాజు 1919లో దీనిని నెలకొల్పారు. హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి అధ్యక్షులు. వయొలిన్ ఆచార్యులుగా చేరిన ద్వారం వెంకటస్వామినాయుడు గారు ఆయన తర్వాత 1936లో ఆ పదవి స్వీకరించారు. ఘంటసాల గారు చిన్నతనంలో చేతిలో పైసా లేకుండా ఇక్కడికి వచ్చి, పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర శిక్షణ పొందుతూ, జోలె భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగి మధుకరం ఎత్తుకుని చదువుకున్నారు. ఆయనకు అన్నం పెట్టిన ఊరు ఇదని విజయనగరం వారు ఈనాటికీ గర్వంగా చెప్పుకుంటారు. పి. సుశీల గారు కూడా ఈ ఊరి బిడ్డే, ఈ కళాశాల విద్యార్థినే. తరగతులు జరుగుతున్న వేళ వెళ్తే గదుల్లోంచి వినిపించే సరళీ స్వరాలు మీ అమ్మాయికి ఏ ప్రదర్శనశాలా ఇవ్వలేని అనుభవాన్నిస్తాయి.

ఇక రెండవది బొబ్బిలి దగ్గరి గొల్లపల్లి. వీణలు చేసే సర్వసిద్ధి వారి కుటుంబాలు తరతరాలుగా అక్కడ ఉన్నాయి. బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పని జరుగుతున్న చోట కూర్చుని చూడండి. పనస దుంగ ఒక్కదానిలోంచే కుండ అనే గుండ్రటి భాగం, దండి అనే పొడవైన భాగం రెండూ తొలిచి తీస్తారు, అతుకు ఉండదు. దానినే ఏకాండి వీణ అంటారు. కుండ లోపలి గోడ ఎంత పలచబడాలో కొలబద్దతో కాక వేలితో తట్టి, ఆ ధ్వని విని తేల్చుకుంటారు. తర్వాత దండి మీద మైనం, నల్లటి పొడి కలిపిన ముద్దను గట్టుగా పేర్చి, అందులో 24 ఇత్తడి మెట్లు ఒక్కొక్కటే నొక్కుతారు. మెట్టు పెట్టడం, తీగ మీటి వినడం, వెంట్రుకవాసి జరపడం, మళ్లీ వినడం. చెవి ఒప్పుకునేదాకా ఇదే సాగుతుంది. మీ అమ్మాయి రోజూ వేలు పెట్టే మెట్టు ఇలా కూర్చబడిందని తెలిస్తే వీణను పట్టుకునే తీరే మారుతుంది. బహుమతిగా ఇచ్చే చిన్న వీణలు కూడా అక్కడ దొరుకుతాయి. కొనాలనుకుంటే చేసినవారి చేతికే డబ్బు ఇవ్వండి, బేరమాడకండి. అది వారి బతుకుతెరువు.

ఘంటానాదం:

అన్నీ బాగున్నాయి గాని, బొబ్బిలి ఉత్తరాన, పద్మనాభం దక్షిణాన ఉన్నాయని గమనించండి. బొబ్బిలి 50 కిలోమీటర్లకు పైమాటే. రెండిటినీ ఒకే రోజు పెట్టుకోవద్దు. పెద్దవారితో ప్రయాణం కాబట్టి బొబ్బిలికి రైలులో వెళ్లడం మేలు. రాయపూర్ మార్గంలో వెళ్లే బండ్లు కొన్ని బొబ్బిలిలో ఆగుతాయి. స్టేషన్ బయట ఆటో మాట్లాడుకుంటే యుద్ధ స్తంభం, కోట పరిసరాలు, గొల్లపల్లి చూపిస్తారు. 1757 నాటి కోట ఇప్పుడు లేదు. దాని జ్ఞాపకంగా 1891లో నిలబెట్టిన స్తంభమే ఆనవాలు. ఇప్పుడు కనిపించే కోట తర్వాతి కాలపుది.

నాది ఒక భిన్నాభిప్రాయం కూడా ఉంది. విజయనగరం కోటలో చూడటానికి ఏమీ ఉండదని నాతో వచ్చిన చాలామంది నిరాశపడ్డారు. దానికి పూట కేటాయించడం కంటే ఆ సమయం రామతీర్థానికి ఇవ్వడం ఉత్తమమని నా భావన.

కోటబురుజు:

ఘంటానాదం గారి మాటతో గౌరవపూర్వకంగా విభేదిస్తున్నాను. కోటను ఒక వస్తుప్రదర్శనశాలగా ఊహించుకుని వెళ్లినవారికే నిరాశ కలుగుతుంది. కోట, బొంకులదిబ్బ, గుడి, సంగీత కళాశాల, 1879 నాటి మహారాజా కళాశాల, 1860 నాటి సంస్కృత కళాశాల, గురజాడ వారి ఇల్లు అన్నీ కలిపి చూస్తేనే ఆ సంస్థానం ఏమి చేసిందో తెలుస్తుంది. లోపల వివరాలు తెలిపే బోర్డులు చాలినన్ని లేవన్నది మాత్రం నిజం, ఆ లోటు తీరాలని నేనూ కోరుకుంటున్నాను.

గురజాడ అప్పారావు గారి ఇల్లు ఇంతవరకు ఎవరూ ప్రస్తావించలేదు. మహారాజా కళాశాలలో చదివి, అక్కడే పాఠాలు చెప్పి, ఆ తర్వాత విజయనగర ప్రభువు ఆనంద గజపతి ఆస్థానంలో శాసన పరిశోధకులుగా పనిచేసిన మనిషి ఆయన. 1892లో ‘కన్యాశుల్కం’ మొదట ప్రదర్శించినది ఈ ఊళ్లోనే. 1897లో అచ్చయిన ప్రతిని ఆనంద గజపతికి అంకితమిచ్చారు. ఆయన కాపురమున్న ఇంటిని స్మారకంగా ఉంచారు. చిన్న ఇల్లు, చూడటానికి అరగంట చాలు. కాని దానిలోకి అడుగుపెట్టకుండా విజయనగరం నుంచి తిరిగి వెళ్లవద్దని మీకు నా విన్నపం.

చంపావతి:

రామతీర్థం మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ఊరికి సుమారు 12 కిలోమీటర్లు, నెల్లిమర్ల దాటాక వస్తుంది. నెల్లిమర్ల జూట్ మిల్లు దారిలోనే కనిపిస్తుంది. ఎక్కువమంది కింద ఉన్న రామస్వామి ఆలయంలో దర్శనం చేసుకుని, పక్కనే ఉన్న కోనేరు చూసి వెళ్లిపోతారు. అమ్మగారికి అది చాలు, అక్కడ ఎక్కే పనిలేదు. నాన్నగారికి మాత్రం చుట్టూ ఉన్న రాతికొండల కథ చెప్పాలి. గురుభక్తులకొండ మీద బౌద్ధ విహారం పునాదులు, స్తూపం, చైత్యగృహాలు బయటపడ్డాయి. 1910-11 ప్రాంతంలో పురాతత్వవేత్త అలెగ్జాండర్ రీ ఇక్కడ తవ్వకాలు జరిపారు. కొండ వాలులో సన్నగా, పొడవుగా ఉన్న చదునులోనే కట్టడాలన్నీ వరుసగా సర్దారు. ఒక పక్క నిట్టనిలువు రాయి, మరో పక్క లోయ. కాల్చిన ఇటుక ఒక్కొక్కటి ఈనాటి ఇటుక కంటే ఎంతో పెద్దది. పక్కన దుర్గకొండ మీద జైన తీర్థంకరుల శిల్పాలున్నాయి. అక్కడి గుహలో చాళుక్యరాజు విమలాదిత్యుని కాలపు కన్నడ శాసనం త్రికాలయోగి సిద్ధాంతదేవుడనే జైనాచార్యుని పేర్కొంటుంది. 11వ శతాబ్ది ఆరంభంలో కూడా ఇక్కడికి జైనులు వచ్చేవారనడానికి అది ఆధారం. బౌద్ధులు, జైనులు, రామభక్తులు ఒకరి తర్వాత ఒకరు ఈ కొండలనే ఎంచుకోవడం నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది. వానలు లేనప్పుడు కూడా ఇక్కడి రాతి గుంటల్లో నీరు నిలిచి ఉండటం దానికి ఒక కారణం కావచ్చు.

ఎండ ఎక్కకముందే కొండ ఎక్కి దిగాలి. తాగేనీరు మీరే తీసుకెళ్లండి, పైన ఏమీ దొరకదు. దారి చూపడానికి ఊళ్లోని పిల్లలు ఎవరైనా వస్తారు.

మూసీ ఒడ్డు:

ఇంత శ్రద్ధగా రాసిన పెద్దలందరికీ మా కుటుంబం తరఫున నమస్కారాలు. మీ సూచనలను ఇలా సర్దుకున్నాము. మొదటి రోజు ఉదయం రామతీర్థం, భోజనం తర్వాత విశ్రాంతి తీసుకుని సాయంత్రం కోట, బొంకులదిబ్బ, గురజాడ వారి ఇల్లు, పైడితల్లి అమ్మవారి దర్శనం. రెండవ రోజు రైలులో బొబ్బిలి, గొల్లపల్లి, వీలైతే తిరిగి వచ్చాక సంగీత కళాశాల. మూడవ రోజు పద్మనాభం మీదుగా భీమిలి. పద్మనాభంలో నాన్నగారు, అమ్మాయి మెట్లెక్కుతామంటున్నారు. వారు దిగివచ్చేవరకు అమ్మ కూర్చోవడానికి కింద సదుపాయం ఉంటుందా? ఏ వేళకు చేరితే మంచిది?

కోటబురుజు:

ఒక చిన్న మార్పు చేసుకోండి. గురజాడ వారి ఇల్లు సాయంత్రం ఆలస్యమైతే మూసివేయవచ్చు. కాబట్టి కోట కంటే ముందు అక్కడికి వెళ్లండి, గుడి చివరికి పెట్టుకోండి. సంగీత కళాశాల పనిదినమేనా అన్నది కూడా ముందుగా కనుక్కోండి.

గోస్తనీ తీరం:

పద్మనాభానికి ఉదయం ఏడు గంటలకల్లా చేరేటట్టు హోటల్ నుంచి బయలుదేరండి. అమ్మగారు కింద కుంతీమాధవస్వామి ఆలయంలో దర్శనం చేసుకుని, ఆ ప్రాంగణంలోనే నీడన కూర్చోవచ్చు. పైకి వెళ్లినవారు నెమ్మదిగా ఎక్కి దిగడానికి రెండు గంటలు అనుకోండి. మధ్యలో ఆగి వెనక్కి తిరిగి చూస్తే 1794లో రెండు సైన్యాలు తలపడిన మైదానం కాళ్ల కింద పరచినట్టు కనిపిస్తుంది. నాన్నగారు మీ అమ్మాయికి ఆ కథ చెప్పడానికి అంతకంటే మంచి చోటు లేదు. రాజు స్మారకం ఎక్కడని ఊళ్లో ఎవరిని అడిగినా చెబుతారు. అక్కడి నుంచి భీమిలికి పది గంటల ప్రాంతంలో బయలుదేరితే సమాధులు, దీపస్తంభం ఎండ ముదరకముందే చూసి భోజనం చేయవచ్చు. పావురాలకొండను సాయంత్రానికి వదిలిపెట్టండి.